కోట సందులో అన్నయ్య గొంతు

దయ్యాల మాట ఎవరెత్తినా నవ్వేసే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మకం లేదు. కానీ ఆ రోజు విన్నది నేనొక్కదాన్నే కాదు. అందుకే రాస్తున్నాను.

మా అన్నయ్య అమెరికాలో, మా ఊరికి దగ్గర్లోనే పిస్కాటవేలో ఉండేవాడు. ఒక ఆదివారం పొద్దున వాకింగ్‌కి వెళ్లి తిరిగి రాలేదు. ఫోన్ డైనింగ్ టేబుల్ మీదే ఉంది, కారు ఇంటి ముందే ఉంది. పోలీసులు వెతికారు. మేమూ వెతికాం. హాస్పిటళ్లు, పార్కులు, నది ఒడ్డు, ఎక్కడా ఆచూకీ లేదు.

రెండేళ్లయినా నేను తేరుకోలేదని మా ఆయన నన్ను బుడాపెస్ట్ తీసుకెళ్లారు. కొండ మీద పాత కోట, దాని చుట్టూ రాళ్లు పరిచిన ఇరుకు వీధులు. మధ్యాహ్నం సన్నగా తుంపర మొదలైంది. జనమంతా కెఫేల్లోకి దూరారు.

అప్పుడు పక్క సందులోంచి "గుండూ!" అని వినిపించింది.

చిన్నప్పుడు బొద్దుగా ఉండేదాన్నని అన్నయ్య ఒక్కడే నన్నలా పిలిచేవాడు. సిగ్గేసి, మా ఆయన ముందు ఆ పేరు ఎత్తొద్దని పెళ్లికి ముందే అన్నయ్య చేత ఒట్టు వేయించుకున్నాను. నా భ్రమే అనుకుని ముందుకు నడిచాను.

మా ఆయనది వరంగల్. ఆయనే ఆగి అన్నారు. "ఇక్కడ మనోళ్లెవరో ఉన్నట్టున్నరు. గుండూ, ఆగవే, వస్తున్నా అంటున్నరు. విన్నవా?"

ఆ సందులోకి పరిగెత్తాను. చివర కోటగోడ, దాని అవతల లోయ. అటూ ఇటూ కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అన్నయ్యా అని గట్టిగా అరిచాను. ఒక ముసలావిడ కిటికీ తెరిచి, నన్ను చూసి, మళ్లీ మూసేసింది.

వస్తున్నానన్నాడు కదా. అక్కడే నిలబడ్డాను. పోదామని మా ఆయన ఒక్కసారీ అనలేదు. గొడుగు నా మీదకు పట్టి తను తడిశారు. ఎవరూ రాలేదు. మిగతా ట్రిప్ అంతా ఆ సందులోనే గడిచిపోయింది.

ప్లెయిన్స్‌బరోలో మా ఇంటికి తిరిగొచ్చాక వదినకి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"నా ఊసేమైనా ఎత్తాడా?"

 మర్నాడే వదిన బుడాపెస్ట్‌కి టికెట్ బుక్ చేసుకుంది. తోడొస్తానన్నా వద్దంది.

తిరిగొచ్చిన రోజు ఎయిర్‌పోర్ట్ నుంచి నేనే తీసుకొచ్చాను. దారంతా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. ఇంటి ముందు దిగుతూ, "నన్ను పిలవలేదు" అంది. అంతే, లోపలికి వెళ్లిపోయింది.

ఎన్నడూ తెలియని ఆ పేరు మా ఆయనకి ఎలా వినపడిందో ఇద్దరం ఎంత ఆలోచించినా తేలలేదు. పోయినవాళ్లు పిలుస్తారంటే నేను నమ్మను. బతికే ఉంటే, అంత దగ్గర నుంచి పిలిచినవాడు ఎందుకు రాలేదో నాకు తెలియదు.