బాతు గొంతు

మా వదిన పదహారేళ్లుగా ఒక పిల్లల కార్టూన్‌లో బాతుకు డబ్బింగ్ చెబుతోంది. ఇప్పుడా కార్టూన్‌ని వీడియో గేమ్ చేశారు. ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకోవచ్చు, దాని గొప్ప అదే. లోపమల్లా, బోనులో పడ్డ బాతు "నన్ను బయటికి తియ్యండర్రా!" అంటూ విడిపించేదాకా మన ప్రాణం తోడేస్తుంది. ఆ కేకను స్టూడియోలో వదిన చేత నలభైసార్లు చెప్పించారట.

నిన్న అన్నయ్య, పిల్లలు, నేను ఆటలో మునిగిపోయాం. బిగుసుకుపోయే బాత్రూమ్ గడియను తిట్టుకుంటూ వదిన స్నానానికి వెళ్లింది. కాసేపటికి బాతు కేకలు మొదలయ్యాయి. ఎంతకీ ఆగవే!

"అబ్బబ్బ, తల పగిలిపోతోంది! ఆ సౌండ్ కట్టెయ్యవే," అని కూతురి మీద విసుక్కున్నాడు అన్నయ్య.

అది తెర మీంచి చూపు తిప్పకుండానే అంది: "కట్టేసి అరగంటైంది నాన్నా."