చోరనూరామె

పొద్దున్నే ఎదురింటి అత్తగారు కొత్త కోడల్ని కేకేసింది. "కుడతినామా, పాలొచ్చినాయి, తెచ్చుకో!" ఆ పిల్ల పుట్టిల్లు కుడతిని. మా బళ్ళారి వైపు కోడలి పేరు పుట్టింట్లోనే ఉండిపోతుంది. అత్తవారింట ఆమె ఊరే ఆమె పేరు. అందులో చిన్నచూపు ఏమీ లేదు, అది అలవాటు. కానీ అలాంటి కేక చెవినపడితే నాకు ఎర్రిస్వామి సార్ గుర్తొస్తారు, ఆ రోజంతా ఏ పనీ సాగదు.

ఆయన మా పత్రికకు బళ్ళారి కార్యాలయంలో పెద్ద. నేను చేరిన కొత్తలో సండూరు దారిలో ఖనిజం లారీ కింద పడి ఒక కూలిమనిషి చనిపోయింది. 'గుర్తు తెలియని మహిళ' అని రాసిచ్చాను. ఆయన చదివి కాగితం నా ముందుకు తోశారు.

"ఎవురికి గుర్తు తెలీదప్పా? నీకా, ఆమెను కన్నోళ్లకా?"

"పోలీసులకే తెలీదు సార్."

"ఆమెకు పేరు పెట్టింది పోలీసులా ఏంది? పో, కనుక్కోనిరా."

సాయంత్రం దాకా గుడిసెల వెంట తిరిగి పేరు తెచ్చాను. మర్నాడు పేపర్లో ఆ పేరు మీద వేలు పెట్టి అన్నారు. "నిన్న నువ్వు రాసింది లారీ వార్త. ఇది ఆమె వార్త." నాకు వచ్చిన విద్యంతా అక్కడ మొదలైందే.

రిటైరయ్యాక ఆయన తమ వంశం వివరాలు సేకరించడం మొదలుపెట్టారు. తండ్రి వైపు తాతముత్తాతల పేర్లు సులువుగానే దొరికాయి. తల్లి దగ్గర దారి మూసుకుపోయింది. ఆయన పసిగుడ్డుగా ఉండగానే ఆమె పోయింది. రెండో భార్య తిరిగే ఇంట్లో మొదటి భార్య ఊసు ఎవరూ ఎత్తలేదు. అడగాలని తోచేసరికి తండ్రి కూడా లేడు.

"పెద్దల అమావాస్యకు చచ్చిపోయినోళ్లను పేరు పెట్టి పిలిచి ఇస్తరాకు వేస్తాం గదప్పా. అమ్మ ఆకు కాడ నోరు మూసుకోని కూచుంటాండా" అన్నారు ఒకరోజు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తోడు వెళ్ళాను.

ముందు తారానగర్, ఆయన సొంతూరు. చిన్నమ్మ వరుసయ్యే ముసలామె చెప్పింది. "చోరనూరామె అంటాంటిమి. కోడల్ని పేరుతో ఎవురు పిలుస్తారప్పా? పుట్టినకాణ్ణుంచి నన్ను చిన్నమ్మా అంటాండావే, నా పేరేందో చెప్పు సూద్దాం!" ఆమె నోరారా నవ్వింది. సార్ తల దించుకున్నారు.

చోరనూరులో మేనమామలు ఎప్పుడో పొలం అమ్ముకుని వెళ్ళిపోయారు. చిన్నప్పుడు ఆమెతో ఆడుకున్న అవ్వ ఒకతె మిగిలి ఉంది.

"తారానగరుకిచ్చిన పిల్లే గదా! చింతచెట్లెక్కి కాయలన్నీ దులిపేస్తాండె, మగరాయుడు!"

సార్ ముఖం వెలిగింది. "పేరేందవ్వా?"

అవ్వ నోరు తెరిచి, మళ్ళీ మూసింది. "నాలిక మీదే ఉండాది. నెనపు వస్తాలేదప్పా."

ఎండ గడప దాటేదాకా కూర్చున్నాం. ఆయన్ను అలా చూడలేకనేమో, చివరికి అవ్వే అంది. "లచ్చుమమ్మ అనుకోరాదా?"

"అనుకోనీకి రాలేదవ్వా."

తిరుగుదారిలో నేను ఉండబట్టలేక అన్నాను. "అదే అయ్యుండొచ్చు సార్. పెట్టుకోండి."

"ఇంకొకామె పేరుతో పిలిస్తే మా అమ్మ లోపలికొస్తాదా అప్పా? వాకిట్లోనే నిలబడిపోతాది."

మళ్ళీ చోరనూరు వెళ్ళేసరికి ఆ అవ్వ కూడా పోయింది. అక్కడ ఇక అడగడానికి ఎవరూ లేరు.

ఆ ఏడు అమావాస్యకు నన్నూ రమ్మన్నారు. తాతను, నాయనమ్మను, తండ్రిని, పెంచిన తల్లిని వరసగా పేరుతో పిలిచారు. చివరి ఆకు ముందుకు జరిగి, "నువ్వూ రామ్మా" అన్నారు. తర్వాత నావైపు తిరిగారు. "అమ్మా అని ఏ పొద్దన్నా పిలిచింటే గదప్పా, నా గొంతు గుర్తుపట్టేకి?"

మరుసటి ఏడు అమావాస్యకు ఆయనే లేరు. కొడుకు ఆకులు పరిచి ఆయన పేరు గట్టిగా పిలిచాడు. ఒక ఆకు తగ్గిందేమని అడిగాను.

"నాయన ఉన్నన్నాళ్లూ పెట్టినాడన్నా. పేరు తెలీనామెకు ఎట్ల పెట్టేది?"

అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆమెను చూసిన ముసలాళ్ళు లేరు, వెతికిన కొడుకు లేడు. అలాంటి ఒక ఆడమనిషి బతికిందని తలుచుకునేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. తలుచుకోవడానికి నా దగ్గర కూడా ఊరి పేరే ఉంది.