చాలా బాగా చెప్పావు నీరజా

నీరజంటే నాకు కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. లేకపోతే పక్కవీధి అమ్మాయి గురించి ఇంత ఓపిగ్గా రాస్తోంది, ఎంత మంచి మనసో అనుకుంటారు. మంచి మనసూ లేదు, పాడూ లేదు. కడుపుమంటతో మనిషిని ఎంత దగ్గరగా చూస్తామో ప్రేమతో అంత చూడం. అందుకే నీరజ సంగతి నాకు తెలిసినంత వాళ్ళాయన జయంత్‌కి కూడా తెలియదు.

నీరజది నెల్లూరు జిల్లా కోవూరు. బీకాం అయీ కాగానే పెళ్ళి, పెళ్ళి అయీ కాగానే ఆస్ట్రేలియాలో పెర్త్. జయంత్ గనుల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఊరి శివార్లలో, పియారా వాటర్స్‌లో మా పక్కవీధిలోనే ఇల్లు కట్టుకున్నారు. కూతురు రుచితని కిండీలో, అంటే ఒకటో తరగతికి ముందు చిన్నపిల్లల బడిలో వేసినప్పుడు, తల్లులు వంతులవారీగా వెళ్ళి పిల్లలకి పళ్ళు కోసిపెట్టే పద్ధతి ఉండేది. మిగతా తల్లులు వంతు రోజున వెళ్ళి, గబగబా నాలుగు యాపిల్స్ కోసి బయటపడేవాళ్ళు. నీరజ తన వంతు కాని రోజు కూడా వెళ్ళి, పిల్లల మధ్య కింద కూర్చుని కథలు చదివేది. తన ఇంగ్లిష్ అంతంతమాత్రం. అయినా ఆ పిల్లలు ఎగబడి ఒళ్ళో ఎక్కేవాళ్ళు. ఒకరోజు అక్కడి టీచరు, "నువ్వు టీచర్ ఎందుకు కాకూడదూ?" అందట. అంతే. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో వెళ్ళి, ప్రైమరీ టీచర్ అవడానికి నాలుగేళ్ళ డిగ్రీలో చేరింది. ఇక్కడి తెలుగు ఆడవాళ్ళందరం ఎదురుగా "సూపర్ నీరజా" అన్నాం, వెనకాల నవ్వుకున్నాం. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే.

ఎందుకు నవ్వానంటే, నా పేరు శ్యామసుందరి, తెనాలిలో హైస్కూలు పిల్లలకి పదకొండేళ్ళు లెక్కలు చెప్పాను. బీఎస్సీ, ఆ పైన బీఎడ్. ఇక్కడికొచ్చాక టీచర్ రిజిస్ట్రేషన్ కోసం కాగితాలన్నీ పంపాను. బీఎడ్‌లో ఎన్ని రోజులు పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పావో కాలేజీ నుంచి ఉత్తరం తెమ్మన్నారు. ఆ ఉత్తరం రాయడానికి మా కాలేజీకి ఎనిమిది నెలలు పట్టింది. తర్వాత ఇంగ్లిష్ పరీక్ష. మాట్లాడటంలో ఎనిమిది రావాలి. నాకు ఏడున్నర వచ్చింది. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ ఏడున్నరే. యాభైమంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టినదాన్ని, ఎవడో కుర్రాడు ఎదురుగా కూర్చుని "మీకు ఇష్టమైన పార్కు గురించి చెప్పండి" అని అడిగి నా నోటికి అర మార్కు తగ్గించాడు. ఒళ్ళు మండి వదిలేశాను. ఇక్కడే మా ఇంటి దగ్గరి స్కూల్లో ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌గా చేరాను. టీచరు పాఠం చెబుతుంటే, వెనకబడ్డ పిల్లల పక్కన కూర్చుని సాయం చేయడం నా పని. తొమ్మిదేళ్ళయింది.

ఇప్పుడు చెప్పండి, నవ్వనా?

నా నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. నీరజ ఒక్కో మెట్టూ ఎక్కుతూనే పోయింది. ఇక్కడ టీచర్ కావాలంటే డిగ్రీ చేతికొచ్చేలోపు భాషలో ఒక పరీక్ష, లెక్కల్లో ఒక పరీక్ష విడిగా నెగ్గాలి. భాష నెగ్గింది, లెక్కలు తప్పింది. ఏడుపు మొహంతో మా ఇంటికొచ్చింది. "అక్కా, పర్సెంటేజీలు నా బుర్రకెక్కట్లే. నువ్వే దిక్కు" అంది. ఆరు ఆదివారాలు మా వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పాను. నెగ్గింది. పళ్ళూ చీరా పట్టుకొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టింది, ఆ మాట కాదనను. కానీ మా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో దేవుడికి, జయంత్‌కి, రుచితకి థాంక్స్ పెట్టింది, నా పేరు పెట్టలేదు. ఆ మెసేజ్‌ని నేను ఎన్నిసార్లు తెరిచి చూశానో నాకే సిగ్గుగా ఉంటుంది.

నాలుగో ఏడు ఆఖరి ప్లేస్‌మెంట్ పది వారాలు. అంటే ఏదో ఒక స్కూల్లో, అసలు టీచరు చూస్తూండగా, తరగతి మొత్తం తనే నడపాలి. ఎన్ని స్కూళ్ళు లేవు ఈ పెర్త్‌లో! వచ్చి వచ్చి మా స్కూలుకే, అందులోనూ నేను పనిచేసే నాలుగో తరగతికే వచ్చింది. మెడలో యూనివర్సిటీ కార్డు వేసుకుని నీరజ బోర్డు ముందు, నేను వెనకాల. మొదటిరోజు ఇంటికెళ్ళి అన్నం తినలేదు.

మా క్లాస్ టీచర్ బ్రోన్విన్ మంచి మనిషి. నీరజకి మొదటే చెప్పింది, నేను పక్కనే ఉన్నాను. ఈ ప్లేస్‌మెంట్‌లో కొన్ని పాఠాలు తీసుకుని, ఏం అనుకున్నావు, ఏం చెప్పావు, పిల్లలకి ఎక్కడ అర్థం కాలేదు, దానికి నువ్వేం మార్చావు అనేది పెద్ద రిపోర్టుగా రాసి యూనికి పంపాలి. అది నెగ్గితేనే డిగ్రీ, డిగ్రీ ఉంటేనే రిజిస్ట్రేషన్. "అంతా బ్రహ్మాండం అని రాయకు. ఏది కుదరలేదో అదే వాళ్ళకి కావాలి" అంది బ్రోన్విన్.

నీరజ తీసుకున్న పాఠం భిన్నాలు. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? పిల్లలకి కాగితం పట్టీలిచ్చి మడతపెట్టమంది. ఆలోచన మంచిదే. కానీ పచ్చ పట్టీలు పొడుగు, నీలం పట్టీలు పొట్టి. ఇంట్లో హడావిడిగా కత్తిరించి తెచ్చినట్టుంది. పొడుగు పట్టీలో నాలుగో వంతు, పొట్టి పట్టీలో మూడో వంతుకన్నా పెద్దగా కనిపించింది. నాలుగు పెద్ద అంకె కాబట్టి నాలుగో వంతే పెద్దదని ముందే అనుకుంటున్న టైసన్, పట్టీలు పక్కపక్కన పెట్టి చూసుకుని "సీ, చూశారా!" అన్నాడు. పక్కనున్న మటిల్డా అవునంది. నీరజకి చెమటలు పట్టాయి. పట్టీలన్నీ లాగేసుకుని, "మూడో వంతే పెద్దది, రాసుకోండి" అని బోర్డు మీద రాసేసింది. పిల్లలు రాసుకున్నారు. ఆ తర్వాత పరీక్ష పేపరిస్తే అందరికీ రైటే. ఎందుకు రాదు, జవాబు బోర్డు మీదే ఉంటే?

నేను అన్నీ చూశాను. పట్టీల తేడా పాఠం మొదలవకముందే చూశాను. లేచి ఒక్క మాట చెవిలో చెప్పొచ్చు. చెప్పలేదు. కళ్ళల్లో నిప్పులు పోసుకుని కూర్చున్నాను.

సాయంత్రం కార్ పార్కులో నా దగ్గరికొచ్చింది.

"అక్కా, నువ్వు పదకొండేళ్ళు చెప్పినదానివి. ఎట్టా ఉందో నిజం చెప్పు. పట్టీల కాడ ఏందో తేడా కొట్టింది గదా? పేపర్లో మాత్రం అందరికీ వచ్చింది."

"చాలా బాగా చెప్పావు నీరజా" అన్నాను.

"తప్పులు రాయమంటా ఉందే బ్రోన్విన్?"

"ఆవిడ అలాగే అంటుంది. వాళ్ళ దేశపు పిల్ల రాస్తే చెల్లుతుంది. మనం మన తప్పు మన చేత్తో రాసిస్తే ఊరుకుంటారా? ఇన్‌స్పెక్షన్ రోజున ఎవరైనా జవాబు రాని పిల్లాణ్ణి లేపి నిలబెడతారా?"

అది తలూపింది. ఇన్‌స్పెక్షన్ మాట మన దగ్గర చదువుకున్నవాళ్ళకి ఎంత గట్టిగా తగులుతుందో నాకు తెలుసు. తెలిసే అన్నాను. దాన్ని తిట్టి ఉంటే ఆలోచించుకునేది. మెచ్చుకుని ముంచాను.

రిపోర్టు తిరిగొచ్చింది. ఫెయిల్. పిల్లలు ఎక్కడ తడబడ్డారో ఒక్క ఆధారమూ లేదని, తన బోధనని తను పరిశీలించుకున్న జాడే లేదని రాశారట. మూడు వారాల్లో మళ్ళీ రాసివ్వాలి. అదీ తప్పితే ప్లేస్‌మెంట్ మొత్తం వచ్చే ఏడాది మళ్ళీ మొదటినుంచి. జయంత్‌కి బ్రిస్బేన్ బదిలీ ఖాయమయ్యేలా ఉంది, వచ్చే ఏడాది అనే మాటకి అర్థమే లేదు. నాలుగేళ్ళూ గంగలో కలిసినట్టే.

పొద్దుటి రిసెస్ విరామంలో నన్ను వెతుక్కుంటూ వచ్చి చెప్పింది. నాకు ఎంత సంతోషం కలిగిందో దాచను. చల్లగా, కడుపునిండా కలిగింది. దాని మాటలు పూర్తయ్యేదాకానే ఉంది ఆ సంతోషం.

"నీ మాట తప్పని కాదులేక్కా" అంది కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు సరిగ్గానే చెప్పుంటావు. నాకే రాయడం చేతకాలా."

నన్ను తిట్టినా బాగుండేది. ఆ రోజు టైసన్ పక్కన కూర్చున్నాను గానీ వాడు ఏం రాస్తున్నాడో కనపడలేదు. ఇంటికెళ్ళగానే చెప్పులైనా విప్పకుండా బల్ల దగ్గర కూర్చుని రాశాను. పట్టీల పొడుగులు, టైసన్ పక్కపక్కన పెట్టి చూసుకున్నది, మటిల్డా సరే అన్నది, చెయ్యెత్తిన ఐదుగురినే నీరజ అడిగింది, వెనక వరసలో ఇద్దరు పాఠమంతా నోరు విప్పనిది, మర్నాడు అదే ప్రశ్న నేను టైసన్‌ని విడిగా అడిగితే మళ్ళీ నాలుగో వంతే అన్నది. దాన్ని సరిచేయడానికి ఏం చేయొచ్చో కూడా రాశాను. నాలుగు పేజీలైంది. ఒక్క చోట కూడా ఆగి గుర్తుచేసుకోవాల్సిన అవసరం రాలేదు.

శనివారం పొద్దున పట్టుకెళ్ళి ఇచ్చాను. సింకు దగ్గర నిలబడే చదివింది. రెండో పేజీకి వచ్చేసరికి మొహంలో వెలుగు వచ్చింది, నాలుగో పేజీకి వచ్చేసరికి పోయింది.

"ఇవన్నీ ఎప్పుడు చూసినావక్కా?"

"ఆ రోజే."

"మరి చాలా బాగా చెప్పావన్నావే?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మర్చిపోయాననొచ్చు, తర్వాత తట్టిందనొచ్చు.

"కుళ్ళు నీరజా" అన్నాను. "నీ మీద కుళ్ళు. నాకు దక్కనిది నీకు దక్కుతోందని ఏడిచాను. కావాలనే అలా చెప్పాను."

పంపులో నీళ్ళు పోతూనే ఉన్నాయి. కట్టేసింది.

"పెర్త్‌లో ఇన్ని స్కూళ్ళుండగా మీ స్కూలే ఎందుకొచ్చిందనుకున్నావు?" అంది. "యూనిలో ముగ్గురిని బతిమాలి అడిగి ఏయించుకున్నా. నా తప్పులు నాకు కనపడవని నాకు తెలుసు. వెనకాల నువ్వుంటే పట్టుకుంటావని."

అది కాగితాలు మడిచి ఫ్రిజ్ మీద పెట్టింది. టీ తాగి పొమ్మనలేదు. ఆ ఇంట్లోంచి నేను టీ తాగకుండా బయటికి రావడం అదే మొదటిసారి.

నీరజ నెగ్గింది. నాకు చెప్పలేదు, బ్రోన్విన్ చెబితే తెలిసింది. జయంత్ బదిలీ ఆగిపోయింది. జనవరి ఆఖర్లో స్కూలు తెరిచేనాటికి రిజిస్ట్రేషన్ కూడా వచ్చేసింది, మా ప్రిన్సిపాల్ మూడో తరగతి ఇచ్చాడు. కుళ్ళు తగ్గిందా అంటే తగ్గలేదు. తరగతి తలుపు మీద దాని పేరు చూసి, చుట్టు తిరిగి ఇంకో దారిలో వెళ్ళాను.

మొదటిరోజు పొద్దున స్టాఫ్‌రూమ్‌లో అందరికీ కొత్త టీచర్లని పరిచయం చేస్తూ బ్రోన్విన్ నీరజని నా దగ్గరికి తీసుకొచ్చింది. "మీ ఇద్దరికీ పరిచయం అక్కర్లేదుగా!" అని నవ్వింది.

"ఆఫ్ కోర్స్" అంది నీరజ. నా వైపు చూసి, చాలా మర్యాదగా నవ్వి, "మార్నింగ్, శ్యామా" అంది.

ఇక్కడ నన్ను అందరూ అలాగే పిలుస్తారు, ఇన్నాళ్ళూ నీరజ ఒక్కతే తప్ప. ప్రిన్సిపాల్ అలాగే పిలుస్తాడు, నాకన్నా పాతికేళ్ళు చిన్నవాళ్ళూ అలాగే పిలుస్తారు. బ్రోన్విన్‌కి అందులో వింతేమీ వినపడలేదు, కాఫీ కలుపుకోవడానికి వెళ్ళిపోయింది.

"మార్నింగ్, నీరజా" అన్నాను.