కాలి మీద వెల్లుల్లి వైద్యం

ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ చదివిన మనిషి తన కాలిని తానే కాల్చుకోవడం ఎలాగో చెబుతాను. నవ్వుకోండి. కానీ వెల్లుల్లిని మాత్రం ఒక్క మాట అననివ్వను.

కొత్తగా నందిగామలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. ల్యాబ్‌లో పిల్లల ముందు ప్లేటులో బూజు పెంచి, మధ్యలో దంచిన పచ్చి వెల్లుల్లి రసం వేశాను. రెండు రోజులకు ఆ చుక్క చుట్టూ బూజన్నది లేదు. దంచితే పుట్టే అల్లిసిన్ అనే ఘాటు రసాయనం మహిమ అది. నా తల అటకకు తగిలేంత ఎత్తు పెరిగింది.

ఆ వానాకాలమే నా కాలివేళ్ల మధ్య బూజులాంటి ఫంగస్ చేరి, ఒకటే దురద. మేముండేది జగ్గయ్యపేటలో; అక్కడి మందుల షాపు నుంచి మా అత్తయ్య పూతమందు ట్యూబు తెప్పించి ఇచ్చింది.

"ఇదెందుకత్తయ్యా, వెల్లుల్లుందిగా. నా కళ్లతో చూశా, బూజు చచ్చింది."

"ప్లేటుకి చర్మం ఉండదు కదమ్మా," అంది అత్తయ్య.

ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి నాకు సైన్సు చెప్పడమా? పంతం పట్టాను. ఆదివారం పొద్దున్నే పది రెబ్బలు దంచి, వేళ్ల మధ్య కూరి, పైన ప్లాస్టిక్ కవర్ చుట్టి కట్టాను.

పావుగంటకు మంట మొదలైంది.

"తీసెయ్యమ్మా," అంది అత్తయ్య.

"మండుతోందంటే పనిచేస్తున్నట్టే," అన్నాను, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ.

మూడు గంటలు భరించి కట్టు విప్పితే, వేళ్ల మీద బొబ్బలు నూనెలో వేసిన పూరీల్లా పొంగి ఉన్నాయి. మా ఆయన మొహం సీరియస్‌గా పెట్టుకుని బండి తీశాడు. ఆయన భుజాలు మాత్రం నందిగామ దాకా నవ్వుతూనే ఉన్నాయి.

"యాసిడ్ పడిందా అండి?" అన్నారు డాక్టరుగారు.

"వెల్లుల్లండి."

"కాలికి ఆవకాయ పెట్టారా?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ల్యాబ్‌లో గెలిచి కాలి దగ్గర ఓడాను. అయినా నేను తగ్గలేదు.

"ముందు అది చెప్పండి, ఫంగస్ పోయిందా లేదా?"

ఆయన కళ్లజోడు సవరించుకుని నిదానంగా చూశారు. "పోయిందమ్మా. ఉండటానికి దానికి అక్కడ చర్మమేదీ?"

విన్నారుగా, పోయింది. డాక్టరుగారే ఒప్పుకున్నారు.

అందుచేత పెద్దలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ నా కాలి మీద ఏ ప్రయోగమూ చెయ్యను. మా ఆయనకు రెండు కాళ్లున్నాయి.