రెండో భాగం ఆ బీరువాలోనే ఉంది

ఆ లైబ్రేరియన్ మొహం గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కోపంగా ఒక్క మాటన్నా బాగుండేది. ఆ మహానుభావుడు చేసే ప్రతి అన్యాయాన్నీ "మేడం" అంటూ మర్యాదగా చేసేవాడు.

మా ఊరు చర్ల రోడ్డు మీద, గోదావరి ఒడ్డు టౌనును ఆనుకునే ఉంటుంది. రాష్ట్రం విడిపోయినప్పుడు టౌను తెలంగాణలో ఉండిపోయింది, మమ్మల్ని తీసుకుపోయి ఆంధ్రలో కలిపారు. కూరగాయలకైనా దవాఖానాకైనా మేం ఇప్పటికీ టౌనుకే పోతాం. మీది ఏ రాష్ట్రమని కూరగాయలామె అడగదు, డాక్టరూ అడగడు. అడిగింది లైబ్రరీ ఒక్కటే.

ఆ లైబ్రరీ చరిత్ర నా దగ్గర చెప్పొద్దు. మొదట బస్టాండు వెనక కిరాయి గది. ఖమ్మం పెద్ద గ్రంథాలయం నుంచి పుస్తకాల పెట్టెలు బస్సు టాపు మీద వచ్చేవి. తర్వాత సొంత బిల్డింగు కట్టారు. గోదావరి పొంగి అందులోకి నీళ్లొచ్చిన ఏడాది, పుస్తకాలన్నీ ట్రాక్టర్లలో మా ఊరి చర్చికి చేరాయి. మా నాన్నా, చర్చి పెద్దలూ వాటిని బెంచీల మీద ఆరబెట్టారు. ఆదివారం ప్రార్థన నిలబడి చేసుకున్నాం. అప్పుడు మా అడ్రసు ఎవరికీ అవసరం పడలేదు.

నేను మిషన్ బడిలో టీచర్ని. వంటా, పిల్లల హోంవర్కూ అయ్యాక మంచం మీద కాళ్లు చాపుకుని చదువుకోవడమే నాకున్న ఒక్క సుఖం. ఆ రోజుల్లో ఒక నవల మొదటి భాగం తెచ్చుకున్నాను. ఎప్పుడో అచ్చయిన పుస్తకం, బయట ఎక్కడా దొరకదు. అందులో పిల్ల ఒకతి ఇల్లు వదిలి వరద గోదాట్లో పడవెక్కుతుంది. సరిగ్గా అక్కడ భాగం అయిపోయింది. పడవ ఒడ్డు చేరిందో లేదో తెలియాలంటే రెండో భాగం కావాలి.

దానికోసం పోతే, కొత్తగా వచ్చిన ఈ లైబ్రేరియన్ నా కార్డు పక్కన పెట్టి ఆధార్ అడిగాడు.

"మీది ఆంధ్ర అడ్రసున్నది మేడం. ఇంటికి ఇయ్యరాదు. ఈడనే కూసొని చదువుకోండ్రి."

ఎక్కడ కూచోను? హాలు నిండా ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు, ఖాళీ కుర్చీ ఉంటే దాని మీద వాళ్ల బ్యాగు. బడి నుంచి రాగానే నాకు ఇంట్లో పొయ్యి వెలిగించే పని. ఇదంతా చెప్పాను. చర్చి సంగతీ చెప్పాను. రూలు రూలే అన్నాడు. మీ రాష్ట్రం లైబ్రరీలో అడగండని సలహా ఒకటి. అప్పటికి మా జిల్లా కేంద్రం పాడేరు! నవల కోసం కొండలు, ఘాట్ రోడ్లు దాటి పోవాలన్నమాట. అంతటితో ఆగక, మొదటి భాగం తమ స్టేటుది కాబట్టి తెచ్చిమ్మన్నాడు. నాకు తిక్క రేగింది.

"ఇయ్య. అదిప్పుడు ఆంధ్రల ఉన్నది. మీ స్టేటునే వచ్చి తీస్కపొమ్మను."

పిల్లలు కిసుక్కున నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. అటెండరుతో కబురు మీద కబురు పంపాడు, నేను చెవిన పెట్టలేదు. పడేసి రాకూడదా అని మా ఆయన సణిగాడు. ఆయనకేం, పేపర్లో ఆటల పేజీ తప్ప చదవడు. టౌనుకు పోయినప్పుడల్లా లోపలికి తొంగిచూసేదాన్ని. బీరువా అద్దం వెనక రెండో భాగం అలాగే ఉండేది. మొదటిది లేకుండా దాన్ని ఎవరు ముట్టుకుంటారు?

ఏడాది తిరిగేసరికి నా పంతం కరిగిపోయింది. పడవ సంగతి తెలియక మనసు పీకుతోంది. సిగ్గు చంపుకుని మొదటి భాగం సంచిలో పెట్టుకుని పోయాను. అది ఇచ్చేసి, వేసవి సెలవుల్లో అక్కడే నిలబడైనా రెండోది చదువుకుంటానని బతిమాలదామనుకున్నాను. బీరువా సగం ఖాళీగా ఉంది. రెండో భాగం ఏదని అడిగాను.

"సెట్టు పూర్తిగ లేదని తీసేసినం మేడం. పాత కాగితాల బండ్ల పోయింది. ఒక్క భాగం ఎవరు చదువుతరు?"

ఏడుపొచ్చింది, అతని ముందు ఏడవదలచుకోలేదు. ఆ మనిషి ఇంకా మర్యాదగానే మాట్లాడుతున్నాడు. నా దగ్గరున్నది కూడా తెచ్చిస్తే రికార్డు క్లోజ్ అవుతుందట. దాన్నీ అదే బండిలో వేస్తారా అని అడిగాను.

"అవ్ మేడం."

సంచి చంకలో బిగించుకుని బయటికొచ్చేశాను.