క్లచ్ మీద ఎడమ కాలు

ఇన్నేళ్లుగా ఒక మనిషి నన్ను మంచివాడని ఊరంతటికీ చెబుతున్నాడు. నేను మోస్తున్న బరువు అదే. అతను నన్ను తిట్టి ఉంటే ఈపాటికి ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. కానీ తిట్టడానికి అతనికి విషయం తెలియదు. నా భార్యకూ తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే నోరు పెగులుతోంది.

నేను బడిపంతులును. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో దుమ్ముగూడెం అవతల, అడవిలో ఉన్న ఒక ఊరి బడికి బదిలీ అయింది. ఇల్లు మాత్రం ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో. భార్యాపిల్లలు అక్కడే. నేను బడి పక్కన ఒక గదిలో ఉండి, శనివారం బడి వదలగానే ఖమ్మం పోయి సోమవారం పొద్దున్నే తిరిగి వచ్చేవాణ్ణి. బస్సులు మారి మారి నడుము విరిగిపోతోందని ఒక చిన్న కారు కొన్నాను. ఒక డాక్టరు గారు వాడి అమ్మేసిన తెల్ల కారు. నలుగురు పడతారు, సర్దుకుంటే ఐదుగురు. అయినా అది నా కళ్లకు ఏనుగంబారీ.

దాన్ని ఎంత ముద్దుగా చూసుకున్నానో చెబితే నవ్వుతారు. పొద్దున ప్రార్థన గంట కొట్టక ముందే బనీను గుడ్డతో తుడిచేవాణ్ణి. టైర్ల గాడుల్లో ఇరుక్కున్న రాళ్లను పుల్లతో ఒక్కొక్కటీ తీసేవాణ్ణి. నెలకొకటి చొప్పున కొత్త సామాను పెట్టించాను. క్యాసెట్ ప్లేయరు, వెనక చక్రాలకు మడ్ ఫ్లాపులు, అద్దాలకు ఎండ తగలకుండా నల్ల కాగితం. బడి ముందు కారు నిలిపి, దాని చుట్టూ సున్నంతో గీత గీశాను. పిల్లలు గీత దాటితే పది గుంజీలు. వాళ్లు గీత మీద కాలి బొటనవేలు ఆనించి, వంగి, లోపలికి తొంగిచూసేవాళ్లు. నేను చూసీ చూడనట్టు ఉండేవాణ్ణి. లోపల మాత్రం గర్వంగానే ఉండేది. ఒప్పుకుంటున్నాను కదా, అదీ ఒప్పుకోవాలి.

ఆ ఊళ్లో కారు ఉన్నది నాకొక్కడికే. అలాంటి చోట కారు ఉందంటే అది సగం ఊరిది. ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చే రోజులు మా వైపు ఇంకా రాలేదు. అసలు ఫోనే పలికేది కాదు. ఎవరికి బాగాలేకున్నా నా గది తలుపే కొట్టేవాళ్లు. నేనూ కాదనలేదు. రెండు మూడు సార్లు భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాను. ఒక వానాకాలం ఒక ముసలాయన దారిలో వెనక సీటంతా వాంతి చేసుకున్నాడు. ఎన్ని షాంపూలతో కడిగినా, ఎన్ని నిమ్మచెక్కలు రుద్దినా ఆ వాసన పోలేదు. నేలకొండపల్లి నుంచి వచ్చిన మా బావమరిది కారెక్కి, అందరి ముందూ ముక్కు మూసుకున్నాడు. "బావా, కారు కొన్నవా, మేకల దొడ్డి కొన్నవా?" అన్నాడు. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నాకు ఎంత మండిందో ఎవరికీ తెలియదు.

మరుసటి నెలలో ఖమ్మంలో సీట్లన్నీ విప్పించి కొత్త కవర్లు కుట్టించాను. మీగడ రంగు మఖమల్. అంచులకు గోధుమరంగు తాడు కుట్టు. ఆ వచ్చే ఆదివారమే మా బావమరిది గృహప్రవేశం. అతన్ని ఆ సీట్లో కూర్చోబెట్టి, ఇప్పుడు పీల్చు చూద్దాం అనాలని ఉండింది. నా మనసంతా ఆ ఒక్క ముచ్చట మీదే ఉంది. మనిషి ఎంత చిన్న దాని కోసం ఎంత పెద్ద తప్పు చేస్తాడో చెప్పడానికి ఇదంతా రాస్తున్నాను. సాకు చెప్పడానికి కాదు. సాకేనేమో. నాకు సరిగ్గా తెలియడం లేదు.

ఆ శుక్రవారం పొద్దున ప్రార్థన అయిపోయింది. మా బడి అటెండరు, అతన్ని లచ్చయ్య అందాం, కూతురిని భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. వెనకే అతని భార్య. ఆ పిల్ల నా నాలుగో తరగతి పిల్లే. సమ్మక్క అందాం. రెండు రోజుల నుంచి బడికి రావడం లేదు. తల వేలాడుతోంది. తండ్రి వీపు మీద చొక్కా తడిసి పచ్చగా ఉంది.

"సారూ, పోరి రెండొద్దుల సంది జెరంతోని కాలిపోతాంది. పొద్దుగాల్నించి కక్కుడే కక్కుడు. ఇప్పుడు పిలిస్తె పలుకుతలేదు. జల్దీ కారు తీయుండ్రి సారూ, భద్రాచలం పోదాం."

నేను తాళం తీసుకుని కారు దగ్గరికి నడిచాను. అంతవరకూ వెళ్దామనే ఉన్నాను. దేవుడి మీద ఒట్టు, అంతవరకూ వెళ్దామనే. తలుపు తీశాను. మీగడ రంగు సీటు కనబడింది. అప్పుడే ఆ పిల్ల మళ్లీ వాంతి చేసుకుంది.

కూర్చున్నాను. తాళం పెట్టాను. సగమే తిప్పాను. లైట్లు వెలిగే దాకా తిప్పి, ఇంకొంచెం తిప్పితే ఇంజను లేస్తుందనగా ఆపేశాను. మళ్లీ తిప్పాను. మళ్లీ సగమే. నా గొంతు నాకే వినబడింది, ఎవరో పక్కనుంచి మాట్లాడుతున్నట్టు.

"సెల్ఫ్ తీసుకుంటలేదు లచ్చయ్యా. బ్యాటరీ పోయినట్టుంది."

అతనికి కారు సంగతి ఏం తెలుసు? నేను చెప్పిందే వేదం. కానీ బిడ్డ తండ్రి కదా, ఊరుకోలేదు.

"నూకితే అందుకోదా సారూ? సంతకొచ్చే ఆటో ఎప్పుడూ గట్లనే అందుకుంటది. మేం నూకుతం, మీరు కూసోండ్రి."

అతను పిల్లను భార్య భుజానికి మార్చి కేక వేశాడు. పొలాలకు పోతున్న ఐదారుగురు పరుగెత్తుకొచ్చారు. కారు వెనక చేతులు ఆనించారు. సున్నం గీత వాళ్ల కాళ్ల కింద చెరిగిపోయింది.

కారు నడిపేవాళ్లకు ఇది తెలుసు. తోసి స్టార్ట్ చేయాలంటే గేరు వేసి, ఎడమ కాలితో క్లచ్ తొక్కి ఉంచుతాం. బండి వేగం అందుకున్నాక ఆ కాలు టక్కున తీసేస్తాం. అంతే, ఇంజను లేస్తుంది. నా కారైతే లేచి తీరుతుంది. దానికి ఏ రోగమూ లేదు. నేను కాలు తీయలేదు.

బడి దగ్గర నుంచి కల్వర్టు దాకా తోశారు. రాళ్ల బాట. చెప్పులు లేని కాళ్లు. "హైలెస్స" అంటూ తోశారు. అద్దంలో లచ్చయ్య ముఖం కనబడుతోంది, నరాలు ఉబ్బి. ఆ వెనక తల్లి, పిల్లను భుజాన వేసుకుని కారుతో పాటు ఉరికి వస్తోంది, లేవగానే ఎక్కుదామని. కల్వర్టు దగ్గర ఆపి, కారు తిప్పి, మళ్లీ బడి దాకా తోశారు.

ఈ ఒక్క చోట నన్ను నేను ఎన్ని వేలసార్లు నిలదీసుకున్నానో. మొదటి అబద్ధం ఒక్క క్షణంలో నోరుజారి వచ్చిందనుకుందాం. సీటు చూసి బుద్ధి గడ్డి తిన్నదనుకుందాం. కానీ తర్వాత? కాలు తీసి ఉంటే ఇంజను లేచేది, నా అబద్ధం ఎవరికీ తెలిసేది కాదు, పైగా అందరూ సంబరపడేవాళ్లు. పరువు పోకుండా మనిషిగా మారడానికి అంత తేలికైన దారి నాకు జీవితంలో మళ్లీ దొరకలేదు. అడుగడుగునా దొరికింది. పోయేటప్పుడు దొరికింది, వచ్చేటప్పుడూ దొరికింది. కాలు నొప్పి పుట్టింది. అయినా తొక్కే ఉంచాను. భయం వల్ల కాదు, సిగ్గు వల్ల కాదు. సీట్ల కోసం. ఇంకే పేరు పెట్టినా అబద్ధమే అవుతుంది.

చివరికి వాళ్లే అలిసిపోయి ఆగారు. నేను దిగి తల పట్టుకున్నాను. లచ్చయ్య రొప్పుతూ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు మాత్రం ఏం జేస్తరు సారూ? బండికి నోరుందా, ముందుగాల చెప్పి ఆగనీకె?" అన్నాడు. ఓదార్చాడు. నన్ను.

రెండు గంటల తర్వాత వెదురు మోసుకుపోయే లారీ ఒకటి వస్తే ఆపి ఎక్కించాం. లారీ మలుపు తిరిగాక కారు దగ్గరికి వచ్చాను. వెనక అద్దం మీద, డిక్కీ మీద చేతుల ముద్రలు. బనీను గుడ్డ తెచ్చి తుడిచాను. చేతులకు అలవాటైన పని కదా, ఆలోచించకుండానే తుడిచేశాను.

మర్నాడు బడికి సెలవు చీటీ పెట్టి, తెల్లవారుజామున, ఎవరూ లేవకముందే తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే లేచింది. ఖమ్మంలో కొత్త బ్యాటరీ వేయించాను. లచ్చయ్యకు చూపించాలి కదా. "ఇది ఇంక రెండేండ్లు నడుస్తది సార్, ఎందుకు మారుస్తున్నరు?" అన్నాడు కొట్టు అతను. విసుక్కున్నాను. ఆదివారం గృహప్రవేశానికి వెళ్లాం. మా బావమరిది కారెక్కి ఫోన్లో మాట్లాడుతూ కూర్చున్నాడు. సీట్ల వైపు చూడనే లేదు.

సమ్మక్క బతికింది. మలేరియా మెదడుకెక్కిందన్నారట. నెల తర్వాత బడికి వచ్చింది. హాజరు పిలిస్తే పలకలేదు. రెండోసారి గట్టిగా పిలిచాను. పక్క పిల్ల దాని మోచెయ్యి తట్టింది. చెవులు పోయాయి.

ఆ జ్వరంలో చెవులు పోవచ్చని తర్వాత ఎక్కడో చదివాను. వేళకు తెచ్చినా పోవచ్చట. ఆ రెండు గంటల వల్ల పోయాయా, లేకున్నా పోయేవా? డాక్టరును అడిగితే చెప్పేవాడేమో. దవాఖానా ముందు నుంచి వారం వారం వెళ్లాను. ఒక్కసారి కూడా కారు ఆపలేదు. జవాబు నాకు అనుకూలంగా వచ్చినా నేను చేసింది తగ్గదు. అనుకూలంగా రాకపోతే ఎలా బతకాలో తెలియదు. అందుకని అడగలేదు.

దాన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టుకున్నాను. ప్రతి మాటా బోర్డు మీద రాసి చదివించాను. సారుకు ఎంత ఓపిక అన్నారు అందరూ. ఆ తర్వాత కారు ఎవరడిగినా లేదనలేదు. మేకపిల్లను కూడా ఎక్కించాను. మీగడ రంగు కవర్లు ఏడాదిలో మట్టి రంగుకు తిరిగాయి. మార్చలేదు. దీన్ని ప్రాయశ్చిత్తం అంటే నవ్వొస్తుంది.

నా బదిలీ రోజున ఊరివాళ్లు సభ పెట్టారు. లచ్చయ్య మైకు పట్టుకున్నాడు. అతను చెప్పడానికి ఎంచుకున్నది ఆ శుక్రవారం సంగతే. "నా బిడ్డ కోసం సారు ఎంత తండ్లాడిండో నేను జూసిన. కారు లేస్తలేదని తల పట్టుకొని కూలబడ్డడు. సొంత తండ్రి గూడ గట్ల జెయ్యడు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆ కన్నీళ్లు చూసి ఇంకా గట్టిగా కొట్టారు. మైకు నా చేతికి ఇచ్చారు. చెప్పేయాలనుకున్నాను. నిజంగా అనుకున్నాను. "అందరికీ నమస్కారం" అన్నాను, మైకు ఇచ్చేశాను.

సమ్మక్క ముందు వరసలో కూర్చుని ఉంది. తండ్రి ఏం చెప్పాడో దానికి వినబడలేదు. అందరూ కొడుతుంటే చూసి, అదీ చప్పట్లు కొట్టింది.

లచ్చయ్యకు చదువు రాదు. కానీ కూతురికి వచ్చు. నేనే నేర్పాను. ఈ కాగితం ఎప్పుడైనా ఆమె చేతిలో పడవచ్చు. పడాలనే రాస్తున్నానా, పడకూడదనే పేరు దాస్తున్నానా? రెండూ నిజమేననిపిస్తోంది. క్షమించమని అడగడం లేదు. అడిగితే లచ్చయ్య క్షమిస్తాడు, అది నాకు తెలుసు, అందుకే అడగలేను. ఆమెకు మాత్రం, బోర్డు మీద రాసినట్టు, విడివిడిగా, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. అమ్మా, ఆ రోజు కారు బాగానే ఉంది.