గుంత నీళ్లు తాగినంక

1962 జూన్ 11, సోమవారం. పొద్దున లేచి చూస్తే, మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఉన్న రాతిగోడ మీద ఒక పాత నూనె డబ్బా, అందులో దానిమ్మ మొక్క. ఎవరు పెట్టారా అనుకుంటుండగానే పక్కింటి పెద్దమ్మ తమ్ముడు మా వాకిలి దగ్గరికొచ్చి, జ్వరంతో ఉన్న అక్క తెల్లవారకముందే పోయిందని చెప్పాడు. మొక్కను నిన్న సాయంత్రం ఆమే గోడ పట్టుకుని లేచి పెట్టిందట.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. క్షయ వచ్చి వికారాబాద్ కొండ మీది దవాఖానలో చాలాకాలం ఉండి, నయమయ్యాక తాండూరు తిరిగొచ్చింది. ఇక భయం లేదని డాక్టర్లు చెప్పి పంపారు. మా వాడకు మాత్రం భయం పోలేదు. ఆమె ఇంటి ముందునుంచి దాటిపోయేవరకు పిల్లలం ఊపిరి బిగబట్టి నడిచేవాళ్లం. మా అమ్మ చెల్లెలు ఆ రోగంతోనే పోయింది కాబట్టి అమ్మను తప్పుపట్టలేను. పెద్దమ్మ మా గడప ఎన్నడూ తొక్కలేదు. ఏదివ్వాలన్నా గోడ మీదే పెట్టేది. ఆమె పెట్టిన జామకాయలను అమ్మ ఆవుకు వేసేది. పెద్దమ్మకు అదీ తెలుసు. "మీ ఆవుకు నా కాయలంటే మస్తు ఇష్టమున్నట్టుందే" అని ఒకసారి నాతో అని నవ్వింది.

మా ఊళ్లో వాకిలంటే బండే. పైన పరిచిన బండ, దాని కింద జానెడు మట్టి, ఆ కింద మళ్లీ బండ. వానాకాలం రాగానే అందరూ పై బండ తీసి మొక్క నాటుతారు. నీళ్లు కిందికి దిగక అది పసుపుపచ్చగా మారి చస్తుంది. పెద్దమ్మ అట్లా నాటేది కాదు. ముందు బండను గడ్డపారతో టకటకా కొట్టేది. "తేలుకు గూడ చెప్పి లేపాలె బిడ్డా, అది దాని ఇల్లు" అనేది. కింది బండను పగలగొట్టి, గుంత నిండా నీళ్లు పోసి, పొద్దునదాకా ముట్టేది కాదు. "గుంత నీళ్లు తాగినంకనే చెట్టు. తాగకుంటె వేరు కుళ్లుతది." గుంత తాగడమనే మాట నా పాఠాల్లో ఎక్కడా కనబడలేదు. బడికి పోతూ దాన్ని నాలో నేనే పలుక్కునేదాన్ని. గోరింట, నిమ్మ, మల్లె, అన్నీ ఆమె వాకిట్లో అట్లాగే బతికాయి.

ఆమెను కాటికి తీసుకుపోయి వచ్చాక ఆమె తమ్ముడు, ఈ చెట్లుంటే ఇల్లు ఎవరూ కిరాయికి తీసుకోరనీ, అన్నీ పీకించి బండలు పరిపిస్తాననీ చెప్పాడు. అంటే ఆమె చేతి మొక్కల్లో మిగిలేది గోడ మీది దానిమ్మ ఒక్కటే. దాన్ని మా వాకిట్లో నాటుతానని అమ్మతో అన్నాను.

"ఆ మట్టిల ఏముందో ఎవరికెరుక?" అంది అమ్మ. "నా చెల్లెను మోసుకపోయిండ్రు. సాలదా?"

పొద్దున డబ్బాను ముట్టుకున్నప్పుడు నేనూ చెయ్యి లంగాకు తుడుచుకున్నాను.

అమ్మ గోడవైపు చూస్తూ మెల్లగా అంది: "ఒక జామకాయ నేను తిన్న. మస్తు తియ్యగుండె. తిన్నకాన్నుంచి దగ్గొస్తదేమోనని నెలంత భయపడ్డ."

లోపలికెళ్లి గడ్డపార తెచ్చింది. ఎవరూ చెప్పకుండానే బండ మీద టకటకా కొట్టింది. ఇద్దరం బండ లేపాం. మట్టి తీశాం, కింది బండ చేతనైనంత పగలగొట్టాం. అమ్మ బిందెతో నీళ్లు పోసింది.

ఇప్పుడు పొద్దు గూకుతోంది. నీళ్లు గుంత అంచుదాకా కదలకుండా ఉన్నాయి. దానిమ్మ ఇంకా గోడ మీదే ఉంది. దాన్ని కిందికి దించడానికి మా ఇద్దరికీ ఇంకా ధైర్యం చాలలేదు. గుంతలో ఒక బుడగ పైకొచ్చి పగిలింది. అది తాగుతున్న గుర్తో, ఉత్త గాలో తెలియదు. రేపు పొద్దున్నే ముఖం కడగకముందే వచ్చి చూడాలి. నీళ్లు ఇంకిపోతే, డబ్బాను నా రెండు చేతులతో దించుతాను. ఇంకకపోతే, మళ్లీ గడ్డపార.